ఎవరి పోషణలో ఉన్నట్టు

నార్బెర్టో కూర్చోలేదు. ఒకప్పుడు ఈ వంటింట్లో కిటికీ పక్క కుర్చీ అతనిదే. ఇప్పుడు పరాయివాడిలా తలుపు దగ్గరే బూట్లు విప్పి, కోటు లోపలి జేబులోంచి మడత కాగితాలు తీసి, బల్ల మీదున్న తీపిరొట్టెను పక్కకి జరిపి పరిచాడు.

"చూడు. నీ కళ్లతో నువ్వే చూడు. పిల్లల పేర్లు రాసే చోట ఏముంది?"

ఇదలీనా చూడలేదు. సూపులోకి కేల్ ఆకుకూర సన్నగా తరుగుతూ నిలబడింది.

"ఖాళీ," అన్నాడు తనే. "నా పన్ను కాగితాల్లో నేను ఒంటరి మనిషిని. మన జుల్మీరా పేరు లేదు, దాని సోషల్ సెక్యూరిటీ నంబరూ లేదు. ఫిబ్రవరిలోనే పన్నులు రాసిపెట్టే ఫెర్నాందా చేత రాయించి పంపేశాను. కింద ఆవిడ సంతకం కూడా ఉంది."

"మూడేళ్ల కిందట రాసుకున్నావు కదా దాని పేరు."

"రాసుకున్నాను. తప్పు చేశాను, ఆ డబ్బు తిరిగి కట్టాను. ఒకసారి తప్పు చేసినవాణ్ణి బతికున్నంతకాలం దొంగనే అంటావా?"

ఇదలీనా పన్ను రిటర్ను రెండుసార్లు వెనక్కి వచ్చింది. మీరు పోషిస్తున్నట్టు రాసిన అమ్మాయి నంబరు ఈపాటికే మరో రిటర్నులో వాడేశారు అని రెండుసార్లూ అదే జవాబు. దాంతో పోయిన ఆదివారం పూజ అయ్యాక, చర్చి హాల్లో నలభై మంది కాఫీ కప్పులు పట్టుకుని నిలబడి ఉండగా, ఆమె నార్బెర్టో ఎదురుగా వెళ్లి నిలబడింది. "దాని పాలడబ్బాకి ఏనాడూ పైసా ఇవ్వలేదు. దాని పేరు మాత్రం ఏటా కావాలి నీకు," అంది. అతను నోరు తెరిచేలోపే హాలంతా అటు తిరిగింది. అతను కప్పు కింద పెట్టి వెళ్లిపోయాడు. ఆరు రోజుల తరవాత ఇవాళ కాగితాలతో వచ్చాడు.

"నన్నేం చెయ్యమంటావు?" అంది ఇదలీనా.

"రేపు అదే హాల్లో, ఆ జనం ముందే చెప్పు. నార్బెర్టో కాదు, నేను పొరబడ్డాను అని."

"చెప్పకపోతే?"

"నాకు మాటలు రావు. ఈ కాగితాలు తీసుకెళ్లి నోటీసుల బోర్డుకి అంటిస్తాను."

కిటికీ దగ్గర కూర్చుని బంగాళాదుంపలు ఒలుస్తున్న దియోలిందా తలెత్తింది. ఇదలీనా తల్లి ఆవిడ. ఇంట్లో అందరికీ వవో, అంటే అమ్మమ్మ. "కూర్చో నాయనా. నిలబడి మాట్లాడితే గొంతు పైకే వెళ్తుంది."

"పర్లేదు అత్తయ్యా."

"ఆవిడ నీకు అత్తయ్య కాదు, మన విడాకులై పన్నెండేళ్లయింది," అంది ఇదలీనా.

"ఆ సంగతి ఆవిడ్ని చెప్పమను."

వవో ఒలిచిన దుంపను నీళ్లలో వేసి ఇంకోటి అందుకుంది.

నార్బెర్టో కాగితాలు మడిచాడు. ఇళ్లకి పైకప్పులు వేసే పనివాడి చేతులు. తారు గోళ్లలోకి ఇంకిపోయి ఎంత కడిగినా పోదు. "సరే, నేను కాదు. నువ్వూ కాదు. మరి దాని నంబరు ఎవరు వాడారు? ఎవడైనా దొంగిలించి ఉంటే పోలీసులకి చెప్పాలంటోంది ఫెర్నాందా. ముందు కాలేజీ వాళ్లు పంపే కాగితం తెమ్మంది. జనవరిలో వస్తుందట కదా, ఫీజు ఎంత, స్కాలర్‌షిప్పులు ఎంత అని. అదివ్వు, సోమవారం తీసుకెళ్లి చూపిస్తాను."

కత్తి ఆగింది.

"రాలేదు," అంది ఇదలీనా.

"మార్చి అయిపోవస్తోంది."

"రాలేదంటున్నాను కదా."

"అందరికీ వచ్చిందట."

"అందరి సంగతి నాకు తెలీదు. నాకు రాలేదు."

ఆ కాగితం జనవరి ఇరవై తొమ్మిదినే వచ్చింది. ఆమె పడకగది సొరుగులో దుప్పట్ల అడుగున ఉంది. అరచెయ్యంత కాగితం. దానిమీద రెండే రెండు అంకెలు. ఒక గడిలో ఏడాదికి కాలేజీ అడిగిన ఫీజు. ఇంకో గడిలో ప్రభుత్వమూ కాలేజీ వాళ్లూ చర్చి సంఘమూ కలిసి జుల్మీరాకి ఇచ్చిన స్కాలర్‌షిప్పులు. రెండో అంకె మొదటిదానికంటే పెద్దది.

నార్బెర్టో సొంత భాష పోర్చుగీసే కూడబలుక్కుని చదువుతాడు, ఇంగ్లీషు సంగతి సరేసరి. కానీ ఏ అంకె పెద్దదో తెలియడానికి చదువక్కర్లేదు.

స్కాలర్‌షిప్పులు పోను మిగిలిన ఫీజులో సగం తండ్రి కట్టాలని విడాకుల కోర్టు రాసింది. ఆ మిగిలింది ఎంతో ఏటా ఆగస్టులో ఇదలీనాయే చెబుతుంది. ఎంతంటే అంతకి తలూపి, నెలకి మూడు వందల డాలర్ల చొప్పున ఒకటో తారీఖున ఆమెకి పంపుతాడు నార్బెర్టో. రెండేళ్లుగా ఒక్క నెల తప్పలేదు. రెండేళ్లుగా ఒక్క డాలరు ఫీజు మిగల్లేదు.

ఇదలీనా చేతులు తుడుచుకుని తాళాలు తీసుకుంది. "జుల్మీరా బస్సు వచ్చే వేళయింది."

"నేనూ వస్తాను. దాన్ని చూసి నెలయింది."

"వద్దు."

"అయితే ఇక్కడే ఉంటాడు," అంది వవో. "పిల్ల ఎలాగూ ఇంటికే వస్తోంది. సూపు తాగి వెళ్తాడు. నా వంటింట్లో ఎవరు తింటారో నేను చెబుతాను."

"ఇది నీ వంటిల్లా?"

"అద్దె కాగితం మీద నా పేరే ఉంది, అమ్మాయ్."

నార్బెర్టో అప్పుడు కూర్చున్నాడు. అదే కిటికీ పక్క కుర్చీలో. పడకగది తలుపు అతని వీపు వెనక బారెడు దూరంలో ఉంది. ఇదలీనా ఒక్క క్షణం ఆ తలుపు వంక చూసి, దగ్గరగా వేసి, మెట్లు దిగింది.

*

జుల్మీరా చివరగా దిగింది. భుజానికి సంచి, చేతిలో కంప్యూటరు, మెడకి తండ్రి పాత మఫ్లరు. కాలేజీలో చేరి రెండో ఏడు. వచ్చిన ప్రతిసారీ ఇంకొంచెం పొడుగయినట్టు అనిపిస్తుంది ఇదలీనాకి. లేదా తానే పొట్టిదవుతోందేమో. చేపల కార్ఖానాలో ఇరవై ఏళ్లుగా బల్ల మీదికి వంగి కోసి కోసి వీపు అలాగే ఉండిపోయింది.

కారు కదిలాక చెప్పింది. "మీ నాన్న ఇంట్లో కూర్చున్నాడు."

"నాన్నా? మనింట్లోనా?"

"తన పన్ను కాగితాలు తెచ్చి మొహాన కొట్టాడు. నీ పేరు ఆయన వాడలేదట. ఫెర్నాందాతో రాయించుకున్నాడు. అబద్ధం కాదు." ఇదలీనా గేరు మార్చింది. "ఎవడో దొంగిలించి ఉంటాడు. పోలీసులకి చెప్పాలంటున్నారు. నువ్వు ఎక్కడైనా నంబరు ఇచ్చావా? ఫోన్లో ఎవరైనా అడిగారా?"

జుల్మీరా కిటికీలోంచి బయటికి చూస్తోంది. వంతెన దాటారు. మిల్లుల దగ్గర ఎర్రలైటు పడింది, మళ్లీ పచ్చలైటు వెలిగింది.

"అడిగితే మాట్లాడవేం?"

"పోలీసులెందుకమ్మా," అంది జుల్మీరా. "నేనే."

"నువ్వే ఏంటి?"

"నేనే పంపాను. నా రిటర్ను నేనే. ఫిబ్రవరి మొదటి వారంలో. కాలేజీలో ఉచితంగా రాసి పెట్టేవాళ్లు కూర్చుంటారు, అక్కడ."

ఇదలీనా కారు పక్కకి తీసింది. కార్ఖానా వెనక ఖాళీ జాగా అది. శనివారం కాబట్టి గేటు వేసి ఉంది. కంచె మీద సముద్రపు పక్షులు వరసగా కూర్చున్నాయి.

"రాస్తే రాశావు. లైబ్రరీలో పనిచేస్తున్నావు, ఆ జీతానికి రాయాలి, అది నాకూ తెలుసు. దానికీ నాదానికీ ఏంటి సంబంధం?"

"అందులో ఒక ప్రశ్న ఉంటుంది. నిన్ను పోషిస్తున్నట్టు ఇంకెవరైనా రాసుకోవచ్చా అని. లేదు అని పెట్టాను."

ఇదలీనాకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతులు స్టీరింగు మీంచి జారి ఒళ్లో పడ్డాయి.

"తెలీక పెట్టావు," అంది.

జుల్మీరా సంచి జిప్పు పైకీ కిందికీ లాగింది.

"తెలీక పెట్టావు కదూ? గబగబా నొక్కేసి ఉంటావు. మీ పిల్లలకి తొందరెక్కువ."

"అక్కడున్న ఆవిడ రెండుసార్లు అడిగింది. మీ అమ్మ రాసుకుంటుందేమో కనుక్కో అంది. అక్కర్లేదన్నాను."

"అక్కర్లేదన్నావు."

"అమ్మా, లెక్క చూడు. ఫీజు స్కాలర్‌షిప్పుల్లో పోయింది. మిగిలింది హాస్టలుకీ తిండికీ కట్టాను. చదువుకి కాకుండా తిండికి వాడితే అది నా ఆదాయం కిందికి వస్తుందట. రాశాను. పన్ను కూడా కట్టాను. నేను తిన్న తిండికి నేనే పన్ను కట్టాను. పుస్తకాలు లైబ్రరీ జీతంలోంచి. ఇంక నన్ను ఎవరు పోషిస్తున్నారని రాయమంటావు?"

"నీ ఫోను బిల్లు ఎవరు కడతారు?"

"నువ్వు."

"కాలు విరిగితే ఆస్పత్రిలో ఎవరి ఇన్సూరెన్సు కార్డు చూపిస్తావు? ఒంటి మీద కోటు ఎవరు కొన్నారు? ఇప్పుడు బస్సు దిగి ఎక్కడికి పోతున్నావు, హోటలుకా? ఆ మంచం ఎవరిది?"

"నీదే. అన్నీ నీవే."

"మరి ఆ ముక్క రాయడానికి చెయ్యి రాలేదా నీకు? ఫెర్నాందా ఏమందో తెలుసా? ఇంట్లోంచి వెళ్లి చదువుకునే పిల్ల ఇంట్లో ఉన్నట్టే లెక్కట. స్కాలర్‌షిప్పు డబ్బుతో తింటే నిన్ను నువ్వే పోషించుకున్నట్టు కాదట. తల్లి హక్కు తల్లిదేనట. నువ్వు పెట్టింది తప్పు."

"తెలుసు. తరవాత చదివాను."

"తెలిసి కూడా దిద్దలేదా? పన్నుల్లో నాకు తిరిగొచ్చే డబ్బు, నాలుగు వేల డాలర్ల చిల్లర అది. చలికాలం ఇల్లు వేడి చేసుకునే చమురుకి కంపెనీ వాళ్లకి ఇంకా సగం కట్టాలి. ఈ చేతికి ఆపరేషను చేయించుకున్నప్పుడు రెండు నెలలు పనికి పోలేదు, ఆ అప్పులు అలాగే ఉన్నాయి. నీకు అన్నీ తెలుసు. అన్నీ తెలిసీ నా కడుపు మీద కొట్టావు. నలభై మంది ముందు మీ నాన్నని దొంగ అన్నాను, నీవల్ల."

"నావల్ల కాదమ్మా. నువ్వు అన్నావు."

కారు ఆగేసరికి లోపలి వెచ్చదనం పోతోంది. ఇద్దరి ఊపిరికీ అద్దం మసకబారింది.

"అక్టోబరులో," అంది జుల్మీరా మెల్లిగా, "నాన్న ఫోన్ చేశాడు. వారమంతా వాన, కప్పు ఎక్కలేదు, డబ్బు రాలేదు అన్నాడు. 'కాలేజీ వాళ్లకి చెప్పు తల్లీ, ఈసారి ఫీజు మూడు రోజులు ఆలస్యమవుతుందని. నిన్ను క్లాసులో ఏమీ అనరు కదా?' అని అడిగాడు."

ఇదలీనా ముందుకే చూస్తోంది.

"నాకేం అర్థం కాలేదు. ఏ ఫీజు నాన్నా అని అడగబోయి ఆగిపోయాను. తరవాత కాలేజీ వెబ్‌సైటులో నా ఖాతా తెరిచి చూశాను. మొదటి సంవత్సరం నుంచీ. ఎక్కడా నాన్న కట్టింది లేదు. నువ్వు కట్టిందీ లేదు. కట్టాల్సిందే లేదు."

"ఆయనకి చెప్పావా?"

"'చెప్తాను నాన్నా, ఏమీ అనరు' అన్నాను. ఏ కాలేజీకి చెప్పనమ్మా నేను? ప్రతి ఒకటో తారీఖుకీ ఫోన్ చేస్తాడు, పంపాను తల్లీ అని. ప్రతిసారీ థాంక్యూ నాన్నా అంటాను. ఆరు నెలలుగా అంటున్నాను."

"పదకొండేళ్లు," అంది ఇదలీనా. "నీకు ఏడేళ్లప్పుడు నెవార్క్ వెళ్లిపోయాడు. పద్దెనిమిది నిండేదాకా నీకోసం నెలనెలా పంపాలని కోర్టు రాసింది. ఏం పంపాడో తెలుసా? రెండు క్రిస్మస్ కార్డులు. నేను పనికి వెళ్తూ నిన్ను వవో దగ్గర పడేసి, రెండో షిఫ్టు కూడా చేసి, చేతుల్లో స్పర్శ పోయి, గిన్నె పట్టుకుంటే జారిపోయేది. ఆయన తిరిగొచ్చాడు, తల నెరిసింది, చర్చిలో మోకాళ్ల మీద కూర్చుంటున్నాడు, అందరికీ మంచివాడైపోయాడు. నాకు రావలసింది నేను తీసుకున్నాను. దొంగతనం కాదది."

"అయితే అలాగే అడగాల్సింది."

"అడిగితే ఎవరిచ్చారు?"

"నా చదువు పేరు చెప్పి తీసుకున్నావు. నీ రిటర్నులో నా పేరు ఉంటే ఆ డబ్బులో నాకూ భాగం ఉన్నట్టే అనిపించింది. అందుకే లేదు అని పెట్టాను. ఆయన పేరులోనూ వద్దు, నీ పేరులోనూ వద్దు."

ఇదలీనా తాళం తిప్పింది. ఇంజను దగ్గి ఆగిపోయింది. మళ్లీ తిప్పింది.

"దిద్ది పంపుతాను," అంది జుల్మీరా. "గంట పని. నీ డబ్బు నీకొస్తుంది. కానీ ముందు నాన్నకి నువ్వు చెప్పాలి. ఇవాళే."

"బేరమా?"

"ఏదో ఒకటి అనుకో."

"నన్ను ఆయన ముందు నిలబెట్టి చూడాలనుందా నీకు?"

"చూడాలని లేదమ్మా," అంది జుల్మీరా. "ఒకటో తారీఖు ఇంకో నాలుగు రోజుల్లో ఉంది. మళ్లీ థాంక్యూ చెప్పలేను."

*

మూడో అంతస్తు ఎక్కేసరికి సూపు వాసన మెట్ల దాకా వస్తోంది. నార్బెర్టో గిన్నె సగం ఖాళీ చేశాడు. కూతుర్ని చూడగానే లేచి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని, రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టుకున్నాడు.

"చిక్కిపోయావు. అత్తయ్యా, చూడండి, అక్కడ తిండి పెట్టడం లేదు."

"ఇక్కడ పెడతాం, కూర్చోమను," అంది వవో. సాసేజీ ముక్కలు ఏరి ఏరి మనవరాలి గిన్నెలో వేసింది.

"నీ నంబరు ఎవడో కొట్టేశాడట. మీ అమ్మ చెప్పిందా? నువ్వేం భయపడకు, సోమవారం ఫెర్నాందా దగ్గరికి వెళ్తున్నా." నార్బెర్టో గొంతు తగ్గించాడు. "ఈ నెల కూడా నాలుగు రోజులు ఆలస్యమైంది తల్లీ. కాలేజీలో ఏమన్నా అన్నారా?"

జుల్మీరా చెంచా గిన్నెలో పెట్టింది. తండ్రి వైపు చూడలేదు, తల్లి వైపు చూసింది.

ఇదలీనా ఇంకా కోటు విప్పలేదు. కోటుతోనే పడకగదిలోకి వెళ్లింది. సొరుగు ఒక పక్కకి పట్టేసి లాగితే గానీ రాదు. ఆ చప్పుడు వంటింట్లోకి వినిపించింది. తిరిగొచ్చి కాగితాన్ని నార్బెర్టో గిన్నె పక్కన పెట్టింది.

"వచ్చింది," అంది. "జనవరిలోనే వచ్చింది."

నార్బెర్టో కళ్లజోడు పెట్టుకున్నాడు. వేలు మొదటి గడి మీద పెట్టాడు. పెదాలు కదిలాయి. వేలు రెండో గడి మీదికి జరిపాడు. మళ్లీ మొదటిదాని మీదికి తెచ్చాడు. అలా మూడుసార్లు.

"ఇది ఫీజు," అన్నాడు.

"అవును."

"ఇది వాళ్లిచ్చింది."

"అవును."

"ఇదే పెద్దది."

ఇదలీనా తలూపింది.

"ఈ ఒక్క ఏడాదేనా?"

"మొదటి నుంచీ."

వవో చేతిలోని గరిట కుండ అంచు మీద ఆగింది. "ఏంటది? నాకు చెప్పరేం?" ఎవరూ చెప్పలేదు.

ఇదలీనా అరుస్తాడనుకుంది. అరిస్తే తిరిగి అరవడానికి మాటలన్నీ సిద్ధంగా ఉన్నాయి. దారి పొడుగునా పేర్చుకుంటూ వచ్చింది. అతను కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఎక్కడికి పోయింది?" అన్నాడు.

"చమురుకి. అమ్మ పళ్లకి. నా చేతి ఆపరేషనుకి. నగలు కొనుక్కోలేదు."

"అడిగితే ఇచ్చేవాణ్ణి."

"అడిగాను నార్బెర్టో. పదకొండేళ్లు అడిగాను. నెవార్క్‌లో నీతో ఉన్న ఆవిడ ఫోన్ ఎత్తేది. నా గొంతు వినగానే పెట్టేసేది. నువ్వు ఆ పక్కనే ఉండేవాడివి, టీవీ చప్పుడు వినిపించేది."

"ఉండేవాణ్ణి," అన్నాడు. కాదనలేదు. "అది నేను కట్టాలి. కోర్టుకి లాగు, జీతంలో కోయించు, హాల్లో తిట్టు. నీ ఇష్టం. కానీ ఇది..." కాగితం మీద అరచెయ్యి పెట్టాడు. "యాభై నాలుగేళ్లు నాకు. మోకాళ్లు పోయాయి. పొద్దున్నే నిచ్చెన ఎక్కుతుంటే ఒకటే అనుకునేవాణ్ణి, పిల్లని చదివిస్తున్నాను అని. ఇంకేం చేశాను బతుకంతా? ఇదొక్కటి చేస్తున్నాననుకున్నాను. పనిలో అందరికీ చెప్పాను. మా అమ్మాయి చదువు నా కప్పుల మీద నడుస్తోందిరా అని."

ఇదలీనా కూడగట్టుకున్న మాటల్లో దీనికి సరిపోయేది ఒక్కటీ లేదు.

అతను నెమ్మదిగా కూతురి వైపు తిరిగాడు. "నీకు తెలుసా తల్లీ?"

"దానికి తెలీదు," అంది ఇదలీనా.

ఎందుకందో ఆమెకే తెలియదు. మాట బయటికి వచ్చేసింది. "నాకు తప్ప ఎవరికీ తెలీదు. కాగితాలన్నీ నేనే చూసుకుంటాను, చదువుకునే పిల్ల, దానికెందుకు ఇవన్నీ?"

నార్బెర్టో కూతురి మొహంలోకి చూస్తూనే ఉన్నాడు. ఆమె చెబుతుందేమోనని కాదు, చెప్పకూడదని చూస్తున్నట్టు ఉన్నాడు. జుల్మీరా పెదవి కదిలింది. తల వంచుకుంది.

"నాకు తెలుసు," అన్నాడు నార్బెర్టో. "తెలిసి ఉంటే నాకు చెప్పేదానివి." ఆమె జుట్టు మీద చెయ్యి వేసి తీశాడు. కాలేజీ కాగితం రెండు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. తన కాగితాలు మర్చిపోయాడు.

"కోర్టుకి వెళ్తావా?" అంది ఇదలీనా.

అతను బూట్లు వేసుకుంటున్నాడు. లేసు కట్టుకోలేదు. "సూపు బాగుంది అత్తయ్యా," అని మెట్లు దిగాడు.

అడుగుల చప్పుడు రెండో అంతస్తు దాటేదాకా ఎవరూ కదల్లేదు.

"ఎందుకలా అన్నావు?" అంది జుల్మీరా.

"మరేం అనమంటావు? నీకూ తెలుసని చెప్పనా? ఉన్న ఒక్క కూతురూ పోయిందనుకుని మెట్లు దిగేవాడు."

"నన్ను కాపాడమని నిన్నడిగానా?"

"నువ్వెందుకు ఊరుకున్నావు మరి? నోరు లేదా? కారులో ఎంత మాట్లాడావు."

జుల్మీరా మొహం పక్కకి తిప్పుకుంది. ఇదలీనాకి ఆ మొహం తెలుసు. ఆగస్టు నెలల్లో ఫోన్లో నార్బెర్టోకి అంకె చెప్పి పెట్టేశాక, నడవా అద్దంలో కనిపించే తన మొహమే అది.

జుల్మీరా సూపు గిన్నె పక్కకి తోసి కంప్యూటరు తెరిచింది. "మాటిచ్చాను కదా, చేసేస్తాను," అంది ఎటో చూస్తూ. వేళ్లు చకచకా కదిలాయి. "నువ్వు మళ్లీ పంపుకో. ఏప్రిల్ పదిహేనులోపల."

ఇదలీనా కోటు విప్పి కుర్చీ వీపుకి వేసింది. గెలిచినట్టు లేదు. ఓడినట్టు కూడా లేదు.

"ఇంకా వెళ్లలేదు," అంది వవో కిటికీ దగ్గర.

"ఎవరు?"

"ఇంకెవరు? బండిలో కూర్చున్నాడు. ఇంజను వేసుకోలేదు. ఊరికే కూర్చున్నాడు."

జుల్మీరా వేళ్లు ఆగాయి. ఒక నిమిషం తెర వంక చూసింది. తరవాత లేచింది. కోటు వేసుకోలేదు.

"ఎక్కడికి?" అంది ఇదలీనా. "జుల్మీరా, నేను చెప్పింది చెప్పేశాను. దాన్ని అబద్ధం చేస్తే నేనేమైపోవాలి? నువ్వేమైపోతావు?"

తలుపు తెరుచుకుంది, మూసుకుంది. చెప్పుల చప్పుడు గబగబా దిగిపోయింది.

ఇదలీనా కిటికీ దగ్గరికి వెళ్లింది. తల్లి పక్కకి జరిగి చోటిచ్చింది. కింద వీధిలో జుల్మీరా రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని ట్రక్కు కిటికీ దగ్గర నిలబడి ఏదో చెబుతోంది. పైకి ఏమీ వినిపించడం లేదు. చాలాసేపు చెప్పింది. నార్బెర్టో ఒక్కసారి కూడా ఆమె వైపు తిరగలేదు. రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి.

చెప్పడం అయిపోయింది. జుల్మీరా అలాగే నిలబడింది. ఆమె భుజాలు వణుకుతున్నాయి. చలికో మరెందుకో మూడో అంతస్తు నుంచి తెలియడం లేదు.

"ఏం చెప్పింది?" అంది వవో. "అతనేమన్నాడు? నీకు కనిపిస్తోందా?"

అవతలి పక్క తలుపు లోపలి నుంచి తెరుచుకుంది. జుల్మీరా బండి ముందు నుంచి తిరిగి వెళ్లి ఎక్కింది. పైకి చూడలేదు.

ట్రక్కు కదిలింది. మలుపు దగ్గర ఎడమకి తిరిగితే చర్చి, బస్టాండు. కుడికి తిరిగితే కోర్టు, ఆ వెనక వీధిలో నార్బెర్టో అద్దెగది.

మలుపు దగ్గర అది చాలాసేపు ఆగింది. వెనక ఇంకో కారు వచ్చి హారన్ కొట్టింది. ట్రక్కు ఎటూ తిరగకుండా అక్కడే ఉంది.